డంకన లేని జక్కన

పోయిన మాఘమాసంలో యలహంక దగ్గర ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. ఆ ఇంటికి ప్లాన్ గీసింది నేనే కాబట్టి వెళ్ళకపోతే బాగుండదు. ఇంటివారిది మా హిందూపురం వైపే. పాలు పొంగించడం, వ్రతం, భోజనాలు అయిన తరువాత ఇంటి పెద్దావిడ హాల్లో చాప పరిపించి, పళ్ళెంలో పసుపు కుంకుమలూ తాంబూలమూ పెట్టుకుని, ఇంటికి పని చేసినవాళ్ళను ఒక్కొక్కరిని పిలిచి బట్టలు పెట్టడం మొదలుపెట్టింది. మా వైపు ఇది పాత ఆచారమే. బెంగళూరులో కాంట్రాక్టరు చేతికి మొత్తం పని అప్పజెప్పి, తాళంచెవులు తీసుకునే రోజున మిఠాయి డబ్బా ఇచ్చి సరిపెట్టుకునే కాలంలో ఆవిడ దాన్ని పట్టుదలగా జరిపించింది.

"ముందు నువ్వు కూచో నాయనా, గీత గీసినోడివి నువ్వు గదా" అని నన్ను కూర్చోబెట్టి జరీ అంచు పంచె పెట్టింది. నా తరువాత తాపీ మేస్త్రీ, వడ్రంగి, కరెంటు పని చేసినతను, నల్లాలు బిగించినతను, బండలు పరిచినవాళ్ళు ఇద్దరు, చివరికి రంగులు వేసిన కుర్రవాడు వరుసగా వచ్చి కూర్చున్నారు. పళ్ళెం ఖాళీ అయ్యాక ఆవిడ నా వైపు తిరిగి, "ఇంగెవరన్నా మిగిలినారా నాయనా?" అని అడిగింది. ఎవరూ లేరని చెప్పాను. అది అబద్ధం. ఆ వరుసలో కూర్చున్న మనుషులను ఒకసారి లెక్క వేసుకుంటే సంగతి తెలుస్తుంది: తాపీ మేస్త్రీని మినహాయిస్తే అందరూ ఇంటి చివరి మూడు నెలల్లో పని చేసినవాళ్ళే. పునాది తవ్వినవాళ్ళు, సెంట్రింగ్ (కాంక్రీటు పోసేటప్పుడు మోసే చట్రం) కొట్టినవాళ్ళు, కడ్డీలు కట్టినవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు. వాళ్ళ పని పూర్తయి తొమ్మిది నెలలు దాటింది. ఈపాటికి వాళ్ళు నాలుగు సైట్లు మారి ఉంటారు. కట్టడంలో ఎంత అడుగున పని చేస్తే, ప్రారంభోత్సవం నాటికి అంత దూరంలో ఉండక తప్పదు. అయితే నేను అబద్ధమని అన్నది వాళ్ళందరి గురించీ కాదు, ఒక్క మనిషి గురించి. అతని సంగతి తరువాత చెబుతాను.

ఒక కట్టడం ఎవరిదన్న ప్రశ్న ఇరవై రెండేళ్ళ వృత్తిలో నన్ను చాలాసార్లు పట్టుకుంది. మా రంగంలో దీనికి రెండు సమాధానాలు చలామణిలో ఉన్నాయి. మొదటి సమాధానం ప్రకారం కట్టడమంటే ఒక మనసులో పుట్టిన రూపం. ఆ మనసు గల మనిషి ఒక్కడే దానికి కర్త, మిగిలినవాళ్ళు చేతులు. రెండవ సమాధానం ఈ మధ్య బాగా మర్యాద సంపాదించుకుంది: ఒక్కరి పేరూ చెప్పకూడదు, ఇది సమష్టి కృషి, అందరూ కలిసి కట్టారు. మొదటిది అన్యాయమని తేలికగానే తెలిసిపోతుంది. రెండవదానిలోనూ అంతే అన్యాయం ఉందని, పైగా అది వినయం వేషంలో తిరుగుతుంది కాబట్టి పట్టుకోవడం మరింత కష్టమని నా అభిప్రాయం. అందరూ కట్టారని చెప్పేవాడు ఆ అందరిలో ఒక్కరి పేరైనా అడిగితే సాధారణంగా తడబడతాడు.

తెలుగువాళ్ళకు ఈ విషయంలో ఒక వీరుడు సిద్ధంగా ఉన్నాడు. శిల్పమంటే జక్కన, జక్కనంటే శిల్పం. 1964లో ఆ కథ తెలుగులోనూ కన్నడంలోనూ సినిమాగా వచ్చిన తరువాత ఆ పేరు ఇంటింటికీ చేరింది. ఏళ్ళ తరబడి ఒకే సినిమాను చెక్కుతూ కూర్చునే దర్శకుణ్ణి కూడా మనం ఆ పేరుతోనే మెచ్చుకుంటాం. కథ అందరికీ తెలిసిందే అయినా, అందులో నాకు కావలసిన ఘట్టం చివరిది కాబట్టి ఒకసారి తలచుకుంటాను. బేలూరులో జక్కన చెక్కిన విగ్రహాన్ని ప్రతిష్ఠించబోయే సమయానికి, ఎక్కడి నుంచో వచ్చిన ఒక కుర్రవాడు ఆ రాతిలో దోషముందని అంటాడు. దోషముందని రుజువైతే ఈ కుడిచేయి నరుక్కుంటానని జక్కన పంతం పడతాడు. కుర్రవాడు విగ్రహమంతటికీ చందనం పూయిస్తాడు. పూత అంతా ఆరిపోతుంది, నాభి దగ్గర మాత్రం తడి మిగులుతుంది. అక్కడ ఉలి పెట్టి కొడితే రాతి లోపలి తొర్రలో నుంచి నీళ్ళూ, ఇసుకా, ఒక కప్పా బయటపడతాయి. జక్కన చేయి నరుక్కుంటాడు. ఆ కుర్రవాడు అతని కొడుకు డంకనే అని ఆ తరువాత తెలుస్తుంది. బేలూరు ప్రాంగణంలో కప్పె చెన్నిగరాయ గుడి ఈనాటికీ ఆ కథను మోస్తోంది.

చిన్నప్పుడు నాకు ఇది తండ్రీకొడుకుల కథ. ఇప్పుడు చదువుకుంటే ఇది తనిఖీ కథ. పేరు మోసిన పెద్దవాడు పూర్తి చేసిన పనిని ఊరూ పేరూ తెలియని చిన్నవాడు పరీక్షించాడు. అతని పద్ధతి కూడా తిట్టడమో వాదించడమో కాదు, అందరి కళ్ళ ముందూ చందనం పూసి ఆరనిచ్చి చూపించడం. వీరుడి కథగా మనం వెయ్యిసార్లు చెప్పుకున్న ఈ కథలో అసలు పని చేసిన పాత్ర రెండవవాడిది. అయినా శిల్పిని మెచ్చుకోవడానికి జక్కన పేరు వాడతాం గాని, తప్పు పట్టినవాడిని మెచ్చుకోవడానికి డంకన పేరు వాడం.

చరిత్ర సంగతి వేరు. చాళుక్యుల గుళ్ళ నుంచి హొయ్సలుల గుళ్ళ దాకా జక్కన పేరు మీద చెలామణి అయ్యే కట్టడాలన్నీ ఒక్క జీవితకాలంలో పట్టేవి కావు. ఆయన ఒక వ్యక్తి అని చాలామంది చరిత్రకారులు ఒప్పుకోరు. అంతకన్నా ఆసక్తికరమైన విషయం బేలూరు రాళ్ళ మీదే ఉంది. హొయ్సల రాజు విష్ణువర్ధనుడు 1117లో ప్రతిష్ఠ చేయించిన ఆ గుడిలో శిల్పులు తమ పేర్లు తామే చెక్కుకున్నారు. బళ్ళిగావి నుంచి వచ్చిన దాసోజ, అతని కొడుకు చావణ, ఇంకా నాగోజ వంటివారు విగ్రహాల పీఠాల మీద సంతకాలు చేశారు. ఊరి పేరు, తండ్రి పేరు, తోటి శిల్పులను సవాలు చేసే బిరుదులు కూడా కొన్నింటి మీద ఉన్నాయి. ఇది చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. సమష్టి కృషి అంటే చేతులు కట్టుకుని నిలబడే వినయమని మనం ఊహించుకుంటాం గాని, పక్క బొమ్మ చెక్కుతున్నవాడిని చూసి మీసం మెలేసిన మనుషులు కలిసి కట్టిన గుడి అది. అక్కడ పోటీ ఉంది, గర్వం ఉంది, పేరు మీద ఆశ ఉంది. పేరు ఒక్కడి సొత్తు కావడం మాత్రం లేదు. ఇంతమంది సంతకాలు పెట్టిపోతే, జనం వాటన్నిటినీ పక్కన పెట్టి ఒక్క జక్కనను ఎంచుకున్నారు.

మన వైపు రామప్ప గుడికీ ఇలాంటి గతే పట్టింది. పాలంపేటలో ఆ గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి పేరు 1213 నాటి శాసనంలో ఉంది. జనం మాత్రం శిల్పి రామప్ప కట్టాడని చెప్పుకున్నారు, గుడికి ఆ పేరే నిలిచింది. కట్టించినవాడిని కాదని కట్టినవాడిని తలచుకోవడం బాగానే ఉంది, నాకు ఇష్టం కూడా. కానీ అక్కడ కూడా మనకు ఒక్కడే కావలసి వచ్చాడు. నీటి మీద తేలే ఇటుకలు కాల్చిన బట్టీలవాళ్ళు ఎవరో, ఇసుక పునాది నింపినవాళ్ళు ఎవరో ఆ ఒక్క పేరులో కరిగిపోయారు. రాతి మీద చోటు చాలక ఇలా జరిగిందని అనుకోవడానికి వీల్లేదు. 1010లో పూర్తయిన తంజావూరు పెద్ద గుడి శాసనాల్లో ప్రధాన శిల్పి కుంజరమల్లన్ రాజరాజ పెరుంతచ్చన్ పేరు ఉంది. దానితో పాటు గుడి కొలువుకు తెచ్చిన 400 మంది నాట్యకత్తెల పేర్లు, ఎవరు ఏ వీధిలో ఏ వరుసలో ఎన్నవ ఇంట్లో ఉండాలో సహా చెక్కి ఉన్నాయి. తాను ఇచ్చినదీ, అక్క ఇచ్చినదీ, తన భార్యలు ఇచ్చినదీ, ఇతరులు ఇచ్చినదీ రాతి మీద రాయమని చోళ రాజు రాజరాజు ఆజ్ఞాపించాడు. రాయాలని అనుకుంటే చోటు దొరుకుతుంది.

ఇప్పుడు మేముండే ఊరికే వస్తాను. బెంగళూరులో ఒక్క మనిషి సంకల్పంగా చెప్పుకునే కట్టడం విధానసౌధ, కర్ణాటక శాసనసభ ఉండే భవనం. 1951 జూలై 13న నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు ముఖ్యమంత్రి కె.సి. రెడ్డి, ప్లాన్ కూడా ఇంత ఆర్భాటమైనది కాదు. మరుసటి ఏడాది కెంగల్ హనుమంతయ్య ముఖ్యమంత్రి అయ్యాక ఆ ప్లాన్‌ను పక్కన పెట్టించి, ద్రావిడ శైలిలో రాతి భవనం కావాలని పట్టుబట్టాడు. ఊరు చూడవచ్చిన రష్యన్ బృందం, ఇక్కడివన్నీ ఐరోపా కట్టడాలే గదా, మీకంటూ ఏమీ లేవా అని అడిగినందుకు ఆయనకు రోషం వచ్చిందని చెబుతారు. ఖర్చు మీద విమర్శలు వచ్చాయి. భవనం పూర్తయిన 1956లోనే ఆయన పదవి పోయింది. ఇవాళ ఆయన విగ్రహం ఆ భవనం ముందు ఉంది, ఉండవలసిందే. ఆ మొండితనం లేకపోతే ఆ చోట ఏదో ఒక సాదా కచేరీ లేచి ఉండేది. వీరుడంటూ ఎవరూ ఉండరని వాదించేవాళ్ళతో నేను ఏకీభవించలేనిది ఇందుకే. ఒకడు తలకెత్తుకుని, తిట్లు తిని, పదవి పోగొట్టుకుని నిలబడకపోతే కొన్ని కట్టడాలు కాగితం దాటి రావు.

అయితే ఆ తూర్పు వాకిలి మెట్ల ముందు నిలబడినప్పుడల్లా నాకు ఇంకో లెక్క గుర్తుకు వస్తుంది. నలభై అయిదు మెట్లు, వాటిపైన నలభై అడుగుల ఎత్తున పన్నెండు రాతి స్తంభాలు. వాటిని గీసింది ప్రభుత్వ వాస్తుశిల్పి బి.ఆర్. మాణిక్కం; ఆయన పేరు మా వృత్తిలో ఉన్నవాళ్ళకు తప్ప ఊళ్ళో ఎందరికి తెలుసు? అక్కడ పని చేసిన 1,500 మందికి పైగా రాతి చెక్కుడువాళ్ళు, తాపీవాళ్ళు, కొయ్య చెక్కుడువాళ్ళు ఎవరు? మరో 5,000 మంది కూలీల్లో సెంట్రల్ జైలు నుంచి తెచ్చిన ఖైదీలు చాలామంది. పని అయ్యాక వాళ్ళను విడుదల చేశారంటారు. ప్రభుత్వ పని దేవుడి పని అని ఆ భవనం నుదుట చెక్కి ఉంది. దేవుడి పని చేసి శిక్ష తగ్గించుకున్న ఆ మనుషుల్లో ఒక్కరి పేరైనా ఆ ఆవరణలో నాకు కనబడలేదు. ముఖ్యమంత్రి పట్టుదల, మాణిక్కం గీత, ఉలి దెబ్బ అనేవి ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు, మూడూ మూడు రకాల పనులు. మూడింటినీ ఒకే త్రాసులో వేసి ఎవరు గొప్ప అని తూచడంలోనే మనం దారి తప్పుతున్నాం.

ఈ తూకం ప్రపంచమంతటా ఉన్నదే. వాస్తుశిల్పానికి అత్యున్నతమని చెప్పుకునే ప్రిట్జ్‌కర్ బహుమతిని 1979 నుంచి ఇస్తున్నారు. 1991లో దాన్ని రాబర్ట్ వెంచూరికి ఒక్కడికే ఇచ్చారు. అతనితో కలిసి గీసి, కలిసి రాసి, సంస్థలో భాగస్వామిగా ఉన్న భార్య డెనిస్ స్కాట్ బ్రౌన్ పేరు అందులో లేదు. 2013లో హార్వర్డ్ విద్యార్థినులు ఇద్దరు సంతకాలు సేకరించి ఆ తప్పు దిద్దమని అడిగితే, పాత న్యాయనిర్ణేతల తీర్పును కొత్తవాళ్ళు మార్చలేరని జవాబు వచ్చింది. ఆగాఖాన్ బహుమతి పద్ధతి దీనికి భిన్నం: అది మనిషికి కాక కట్టడానికి దక్కుతుంది, అందులో కట్టించినవారికీ ఇంజనీర్లకూ పనివాళ్ళకూ కూడా వాటా ఉండగలదు. మన బి.వి. దోషికి 2018లో ప్రిట్జ్‌కర్ వచ్చినప్పుడు మేమందరం పండగ చేసుకున్నాం. బన్నేరుఘట్ట రోడ్డులో ఆయన గీసిన మేనేజ్‌మెంటు సంస్థకు విద్యార్థిగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. ఎండ చీలికలై పడే ఆ నడవాల్లో, గరుకైన బూడిద రంగు రాతిగోడల మీద చేయి వేసి నడుస్తుంటే ఒక్కో రాయి ఉలిపోటు ఒక్కో రకంగా చేతికి తగులుతుంది. అహమదాబాదులోని తన కార్యాలయానికి కలిసి నడవడమనే అర్థం వచ్చేలా 'సంగత్' అని పేరు పెట్టుకున్న మనిషి ఆయన. ఆయన కలిసి నడిచిన సంగతి బహుమతికి పట్టలేదు. మన దేశంలో చట్టం కూడా ఇలాంటి చమత్కారమే చేసింది: 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం కాపాడేది ఆర్కిటెక్ట్ అన్న బిరుదునే గాని, గీసే పనిని ఇతరులు చేయకుండా ఆపడం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. బిరుదుకు కాపలా ఉంది, పనికి లేదు.

ఇంతవరకూ చెప్పింది గౌరవం గురించి. గౌరవం దక్కకపోతే మనసు కష్టపడుతుంది, ప్రాణాలు పోవు. నేను నిజంగా చెప్పదలచుకున్నది ప్రాణాల దగ్గర మొదలవుతుంది, అందుకు మన ఊరికి దూరంగా జరిగిన రెండు ప్రమాదాలను తీసుకుంటాను.

కెనడాలో సెయింట్ లారెన్స్ నది మీద క్విబెక్ వంతెన కడుతున్న రోజుల్లో దాని సలహా ఇంజనీరు థియొడోర్ కూపర్. అమెరికాలో వంతెనలంటే ఆయన పేరే చెప్పుకునేవారు. వంతెన నడిమి దూరాన్ని 1,600 అడుగుల నుంచి 1,800 అడుగులకు పెంచింది ఆయనే. పెరిగిన పొడవుకు తగినట్టు ఉక్కు బరువును మళ్ళీ లెక్క కట్టవలసి ఉండగా అది సరిగా జరగలేదు. ఆయన నిర్ణయాలను మరో ఇంజనీరు చేత సరిచూపించాలని ప్రభుత్వం వైపు నుంచి ప్రతిపాదన వస్తే ఆయన అభ్యంతరం చెప్పాడు, ప్రతిపాదన ఆగిపోయింది. ఆరోగ్యం బాగాలేక ఆయన న్యూయార్కులోనే ఉండేవాడు. 1907 ఆగస్టులో, కింది ఉక్కు భాగాలు వంగుతున్నాయని నది మీద పని చేసేవాళ్ళకు కనబడింది. సైట్లో ఉన్న యువ ఇంజనీరు నార్మన్ మెక్‌లూర్ స్వయంగా న్యూయార్కు వెళ్ళి చెప్పాడు. ఇక బరువు వేయవద్దని ఆగస్టు 29న కూపర్ తంతి కొట్టాడు. అది వంతెన దగ్గరికి కాక ఉక్కు కంపెనీ ఊరికి వెళ్ళింది. ఆ సాయంత్రమే వంతెన కూలింది. మీద ఉన్న 86 మందిలో 75 మంది చనిపోయారు. వాళ్ళలో 33 మంది మోహాక్ అనే ఆదివాసీ తెగకు చెందిన ఒకే గూడెం ఉక్కు పనివాళ్ళు.

రెండవది అమెరికాలో కాన్సస్ సిటీలో, 1981 జూలై 17న. ఒక కొత్త హోటల్ హాల్లో, నాలుగో అంతస్తు నడవనూ దాని కింద రెండో అంతస్తు నడవనూ ఇనుప కడ్డీలతో పైకప్పుకు వేలాడదీశారు. మొదటి గీతలో ఒకే పొడవాటి కడ్డీ పైనుంచి కింది దాకా రెండు నడవలనూ మోస్తుంది. అంత పొడవు కడ్డీకి మర చెక్కడం కష్టమని ఉక్కు పనివారు దాన్ని రెండు ముక్కలు చేద్దామన్నారు: పై నడవ కప్పుకు వేలాడుతుంది, కింది నడవ పై నడవకు వేలాడుతుంది. చెట్టు కొమ్మకు కట్టిన తాడు పట్టుకుని ఇద్దరు వేలాడడానికీ, ఒకడు తాడు పట్టుకుంటే రెండవవాడు అతని కాళ్ళు పట్టుకుని వేలాడడానికీ ఎంత తేడా ఉందో ఇందులోనూ అంత తేడా ఉంది. పై నడవ బిగింపు మీద బరువు రెట్టింపయింది. ఆ మార్పు గీసిన కాగితం ఉక్కు కంపెనీ నుంచి ఇంజనీర్ల కార్యాలయానికి వెళ్ళింది, ఆమోద ముద్ర వేయించుకుని తిరిగి వచ్చింది. ఆ బిగింపును లెక్క కట్టి చూసినవాడు మాత్రం ఎవరూ లేరు. వీళ్ళు చూసి ఉంటారని వాళ్ళు, వాళ్ళు చూసి ఉంటారని వీళ్ళు అనుకున్నారు. నడవలు కూలి 114 మంది చనిపోయారు.

మొదటి ప్రమాదంలో జక్కన ఉన్నాడు, డంకన కూడా ఉన్నాడు. డంకన వందల మైళ్ళు దాటి వెళ్ళి చెప్పవలసి వచ్చింది, చెప్పేసరికి ఆలస్యమైంది. రెండవదానిలో ఎవరూ వీరులు కారు. అది అచ్చమైన సమష్టి కృషి. కాగితం అందరి బల్లల మీదుగా మర్యాదగా నడిచింది. చందనం పూయడం తన పని అని మాత్రం ఒక్కడూ అనుకోలేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకున్నాక, ఒక్కడా అందరా అన్న ప్రశ్న నాకు చప్పబడిపోయింది. ఏ గీతకు ఎవరు జవాబుదారీ, ఆ గీత తప్పని చెప్పే హక్కు ఎవరికి ఉంది, చెబితే వినే చెవి ఎక్కడ ఉంది అన్నవే మిగిలిన ప్రశ్నలు. అందుకే నేను పేర్లు తుడిచేయాలని అనను. పేర్లు ఇంకా ఎక్కువ కావాలని, పని పక్కన పేరు ఉండాలని అంటాను.

ఇక యలహంక ఇంటి సంగతి. ఆ ఇంటికి మొదటి అంతస్తులో వీధి వైపు నాలుగున్నర అడుగులు బయటికి వచ్చే బాల్కనీ ఉంది, కింద ఆనుకోవడానికి స్తంభాలు లేవు. అలా గోడ పట్టు మీదే గాలిలోకి వచ్చే స్లాబు కిందికి వంగబోతుంది కాబట్టి దాని పైభాగం సాగుతుంది. కాంక్రీటు నొక్కుడుకు తట్టుకుంటుంది గాని లాగుడుకు తట్టుకోదు. అందువల్ల అసలు కడ్డీలు పైభాగంలో రావాలి. రెండు వైపులా గోడల మీద ఆనే మామూలు స్లాబులో అవి అడుగున ఉంటాయి. స్ట్రక్చరల్ ఇంజనీరు సరిగ్గానే ఇచ్చాడు. మా కార్యాలయంలో దాన్ని సైటు కోసం తిరగ్గీసేటప్పుడు పక్క గది స్లాబు బొమ్మను తెచ్చి అతికించారు. కడ్డీలు అడుక్కి వెళ్ళాయి. కింది కుడి మూలన గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు అని మూడు గళ్ళుంటాయి. మూడింటిలోనూ పొడి అక్షరాలు పడ్డాయి. మూడవ గడిలోవి నావి.

స్లాబు పోసే ముందు రోజు సాయంత్రం సైటుకు వెళ్ళాను. కడ్డీలు కట్టే ముఠా పాలమూరు వాళ్ళు. ఆనకట్టలకూ కాలువలకూ దేశమంతా తిరిగి పని చేసిన పాలమూరు లేబరుకు ఈ తరంలో బెంగళూరు అపార్టుమెంట్లు చిరునామా అయ్యాయి. వాళ్ళలో ముప్పై అయిదేళ్ళ మనిషి ఒకడు, చేతిలో కట్టు తీగ చుట్ట, నడుముకు కొక్కెం, నా దగ్గరికి వచ్చి, "సార్, గీ బాల్కనీల కడ్డీలు పైకి రావాలె గదా? కాయితంల కింద వెట్టిన్రు" అన్నాడు. నేను ఆ రోజు వేరే గొడవలో ఉన్నాను. డ్రాయింగులో ఎలా ఉందో అలా కట్టు, నీకెందుకు అని విసుక్కున్నాను. ఆ మాట అనడానికి నాకు ఒక్క క్షణమైనా పట్టలేదు. అతను వెళ్ళిపోలేదు. బొగ్గు ముక్కతో గోడ మీద ఒక అడ్డగీత గీసి, కొసను కిందికి వంచి చూపించి, "గిట్ల వంగితె పగులు మీద వడ్తది గద సార్" అన్నాడు. చందనం పూసినట్టే అనిపించింది, అప్పుడు కాదు, ఇంటికి వెళ్ళి ఇంజనీరు ఇచ్చిన అసలు కాగితం తీసి చూసుకున్న తరువాత. రాత్రి పదకొండు గంటలకు ఫోను చేసి పోత ఆపించాను. మరునాడు ఆ ముఠా బాల్కనీ కడ్డీలన్నీ విప్పి మళ్ళీ కట్టింది. విప్పి కట్టిన రోజుకు కూలి ఇచ్చే విషయంలో కాంట్రాక్టరు గొణిగితే, ఆ డబ్బు నేను ఇచ్చాను. నా వంతుగా చేసిన మంచి పని అదొక్కటే, దానికి కూడా నా తప్పే కారణం.

సెంట్రింగ్ విప్పిన రోజున ఆ బాల్కనీ కూలిపోతే ఎవరి పేరు పేపర్లో వచ్చేదో నాకు తెలుసు. ఇల్లు బాగుందని ఒక పత్రిక ఫొటోలు వేసినప్పుడు ఎవరి పేరు వచ్చిందో కూడా తెలుసు. ఆ బాల్కనీనే ముఖచిత్రంగా వేసుకుని, గాలిలో తేలుతున్నట్టుందని రాశారు. గృహప్రవేశం నాడు పెద్దావిడ ఇంకెవరైనా మిగిలారా అని అడిగితే నేను లేరన్నది ఈ మనిషిని కడుపులో పెట్టుకునే. అతని సంగతి చెప్పాలంటే నా సంతకం సంగతి కూడా చెప్పాలి. పది మంది ముందు ఆ మాట నోటికి రాలేదు.

ఆ తరువాత నెలన్నరకు థణిసంద్ర దగ్గర మా ఇంకో సైటులో అదే ముఠా పని చేస్తోందని తెలిసి వెళ్ళాను. వెంట తీసుకువెళ్ళిన పంచెల చాపు ఇచ్చి, పెద్దావిడ పంపిందని చెప్పాను. ఇది కూడా అబద్ధమే, కానీ దీనికి నాకు అంత బాధ లేదు. అప్పటికి మా డ్రాయింగుల మూలన నాలుగవ గడి ఒకటి చేర్చి ఉన్నాను: సైటులో సరిచూసినవారు. అందులో అతని పేరు రాస్తానని చెప్పి కాగితం చూపించాను. అతను దాన్ని కాసేపు చూశాడు. బేలూరు శిల్పి లాగా సంబరపడతాడని నేను మనసులో ఊహించుకుని వెళ్ళిన మాట నిజం.

"వద్దు సార్. రేపేదన్న అయితె పోలీసోళ్లు ముందుగాల నా ఇంటికే వస్తరు" అన్నాడు.

నేను దానికి జవాబు చెప్పలేకపోయాను. దాసోజ పీఠం మీద పేరు చెక్కుకున్నప్పుడు అతనికి బళ్ళిగావిలో ఇల్లుంది, కులవృత్తి పరువుంది, వెనక రాజు కొలువుంది. రోజు కూలికి కడ్డీలు కట్టేవాడికి పేరు ఇచ్చి, దానితో పాటు ఇవ్వవలసిన మిగతావి ఇవ్వకపోతే అది నా బరువులో సగం అతని నెత్తిన పెట్టడమే అవుతుంది. తప్పని చెప్పినందుకు పని పోదన్న హామీ, పని ఆపించే అధికారం, ఆగిన రోజుకు కూలి, ఇవి ఏ గడిలో రాయాలో నాకు ఇంకా తెలియదు. నాలుగవ గడిని ఉంచాను. అందులో ప్రస్తుతం మా కార్యాలయం నుంచి సైటుకు వెళ్ళే అమ్మాయి పేరు రాస్తున్నాం. కడ్డీల ముఠా ఏదైనా తప్పు చూపిస్తే ఆమె అక్కడికక్కడే పోత ఆపవచ్చునని కాంట్రాక్టు కాగితంలో ఒక వాక్యం చేర్చాను. ఆగిన రోజు కూలి ఎవరివ్వాలన్న దాని మీద ఇంకా బేరం నడుస్తోంది.

నేను తిరిగి వస్తుంటే అతను వెనక నుంచి పిలిచి, పేరు వద్దు గాని ఫొటో తీసి పంపమన్నాడు. కట్టు పూర్తయిన స్లాబు, ఎనిమిది అంగుళాల దూరంలో గళ్ళు గళ్ళుగా, సాయంకాలపు ఎండకు తుప్పు రంగులో మెరుస్తోంది. తీగ ముళ్ళన్నీ ఒకే వైపుకు వంగి ఉన్నాయి. ముఠా మొత్తాన్ని దాని మీద నిలబెట్టి నాలుగు ఫొటోలు తీసి అతని ఫోనుకు పంపాను. మరునాడు పొద్దున తొమ్మిదికి కాంక్రీటు లారీ వచ్చింది; మధ్యాహ్నానికి ఒక్క కడ్డీ కూడా కనబడలేదు.